నా చిగుళ్ళూ, దుబాయి బ్రష్షూ

ఆ రోజుల్లో మనిషికి పళ్ళున్న సంగతి అవి నొప్పి పెట్టినప్పుడే గుర్తుకొచ్చేది. తాండూరులో పొద్దున్నే ఏ ఇంటి ముందు చూసినా ఒకరు వేపపుల్ల నములుతూ, ఒకరు బొగ్గు నూరుకుంటూ, నాలుగు క్లాసులు ఎక్కువ చదివినవాళ్ళు అరచేతిలో ఎర్ర పళ్ళపొడి పోసుకుంటూ కనిపించేవారు. చిగుళ్ళ ఆరోగ్యం అనే మాట ఎవరి నోటా విన్న గుర్తు లేదు. చిగుళ్ళకు వేరే ఆరోగ్యమేమిటి, నోటితో పాటే అవీ ఉంటాయన్న ధీమా. పళ్ళు ఊడటం కూడా జుట్టు నెరిసినట్టే, వయసుతో పాటు రావలసిన ఒక మర్యాద. అట్లాంటి కాలంలో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, పెళ్ళయి నాలుగు నెలలైనా నిండకుండానే, నా నోటి గురించి నేను పడ్డ దుఃఖం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. (నవ్వూ వస్తుంది గానీ, ముందు వచ్చేది సిగ్గే.)

ఎనభైలు అప్పుడే మొదలయ్యాయి. నేను తాండూరులో నాపరాళ్ళు పాలిష్ చేసే ఒక చిన్న కార్ఖానాలో గుమస్తాని. అక్కడ గుమస్తాని మున్షీ అనేవారు. ఒక మధ్యాహ్నం కార్ఖానా గేటు దగ్గర జామకాయ కొని కొరికాను. కొరికిన చోట తెల్లటి గుజ్జు మీద ఎర్రటి మరక. జామకాయే ఎర్రదేమో అనుకుని ఇంకో పక్క కొరికాను. అక్కడా అదే. చెట్టు కింద నిలబడి కాయంతా గుండ్రంగా కొరికి చూశాను, ఎక్కడైనా తెల్లగా మిగులుతుందేమోనని. ఉమ్మితే నెత్తురు. మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటే నెత్తురు. నాలుకతో తడిమితే కింది పన్ను ఒకటి కదిలినట్టే అనిపించింది. (కదలలేదు. రోజుకు వందసార్లు నాలుకతో తోస్తే ఏ పన్నయినా కదిలినట్టే అనిపిస్తుంది.)

ఆ వారమే దౌల్తాబాద్ దగ్గరి మా ఊరి నుంచి మా నాయన వచ్చాడు. ఆయనకు నోట్లో ఒక్క పన్ను లేదు. జొన్నరొట్టెను పప్పుచారులో ముక్కలు చేసి వేసి, అది నాని బురదైందాకా ఓపిగ్గా కూర్చుని, తర్వాత వేళ్ళతో జుర్రుకునేవాడు. ఆయన అన్నం తింటుండగా నా సంగతి చెప్పాను. ఆయన ఏ మాత్రం తొణకలేదు.

"మన ఖాన్దాన్ల పండ్లు గంతే కొడుకా. మీ తాతకు నలభైకి పోయినయి. నాకు ముప్పై ఎనిమిదికే పోయినయి. నీకు జర జల్ది వచ్చినట్టుంది" అని మళ్ళీ గిన్నెలోకి వంగాడు. ఆ గిన్నెలో నా భవిష్యత్తు నానుతూ కనిపించింది నాకు.

అప్పటి నుంచి నా బతుకు మూతబడ్డ నోటితోనే గడిచింది. మా ఆవిడది బంట్వారం. మాట కంటే ముందు నవ్వు వచ్చే మనిషి. వాకిట్లో కోడిపిల్ల జారిపడినా నవ్వేది. నాకేమో నవ్వితే చిగుళ్ళు కనపడతాయని భయం, మాట్లాడితే వాసన వస్తుందని భయం. అందుకని రుమాలు అడ్డం పెట్టుకుని మాట్లాడటం, గజం దూరంలో కూర్చోవటం, అడిగినదానికల్లా "ఊఁ", "ఊహుఁ" అనటం మొదలుపెట్టాను. ఆమె చేసే జొన్నరొట్టె చందమామలా గుండ్రంగా, అంచున కరకరలాడుతూ ఉండేది. ఆ కరకర నా చిగుళ్ళకు గుచ్చుకుంటుందని సగం తిని కంచం జరిపేవాణ్ణి.

"రొట్టె మంచిగ లేదా?" అని అడిగింది ఒకరోజు.

"ఊఁ" అన్నాను. మంచిగుంది అని నా అర్థం. మంచిగ లేదని ఆమెకు అర్థమైంది.

మర్నాడు రొట్టె ఇంకా కరకరలాడేట్టు కాల్చింది, పాపం. నేను ఇంకా తక్కువ తిన్నాను. పది రోజులు గడిచేసరికి ఆ ఇంట్లో నవ్వు వినపడటం మానేసింది. పొయ్యి దగ్గర కూర్చుని ఆమె కళ్ళు తుడుచుకుంటుంటే, కట్టెలు పచ్చివేమో, పొగ అనుకున్నాను. నా దుఃఖం అంత పెద్దది, ఇంకొకరి దుఃఖం అందులో కనపడలేదు.

కార్ఖానాలో మిషన్లు చూసే మెకానిక్ ఉండేవాడు. యాభై ఏళ్ళ మనిషి, అందరూ ఉస్తాద్ అనేవారు. ఏ మిషన్ ఆగినా చెవి ఆనించి విని రోగం చెప్పేవాడు. నా రుమాలు సంగతి ఆయనే కనిపెట్టాడు.

"క్యా మున్షీసాబ్, దుమ్మా? జుకామా?" ఆ రుమాలు దుమ్ముకా, పడిశానికా అని ఆయన ప్రశ్న.

చెప్పక తప్పలేదు. నోరు తెరిచి చూపించాను. మిషన్‌లోకి చూసినట్టే వంగి చూశాడు.

"ఇగుర్లు ఉబ్బినయి" అన్నాడు. (మా వైపు చిగుళ్ళను ఇగుర్లంటారు.) "ఫికర్ జేయకు. మా సాడూ దుబాయ్ నుంచి వచ్చిండు. కరెంట్‌తోని పండ్లు తోమే మిషన్ తెచ్చిండు. మన పాలిష్ మిషన్ లెక్కనే గిర్రున తిరుగుతది. బండకే మెరుపొస్తది, పంటికి రాదా?"

ఆ తర్కానికి నేను పూర్తిగా లొంగిపోయాను. బండల కార్ఖానాలో పనిచేసేవాడికి అంతకంటే గట్టి రుజువు ఏం కావాలి!

ఆ సాయంత్రమే ఉస్తాద్ వెంట వాళ్ళ సాడూ ఇంటికి వెళ్ళాను. దుబాయ్ సాడూ (ఉస్తాద్ మరదలి భర్త) ఒక పెద్ద సూట్‌కేసు తెరిచాడు. సెంటు సీసాలు, టేప్ రికార్డర్, పూల దుప్పట్ల నడుమ రెండు బ్రష్షులు. ఒకటి సెల్లులతో నడిచేది, సన్నగా, తెల్లగా, మెత్తటి కుచ్చుతో. రెండోది లావుగా, సపోటా రంగులో, వెనక నుంచి గజం వైరు వేలాడుతూ, గట్టి కుచ్చుతో. ఏది తీసుకోవాలన్నది పెద్ద చర్చ అయింది. సెల్లుది నాలుగు రోజులకు నీరసపడుతుందని ఉస్తాద్ కొట్టిపారేశాడు. కుచ్చు సంగతి నేనే తేల్చాను. రెండింటి మీదా బొటనవేలు రాసి చూసి, చీపురు ఎంత గరుకైతే వాకిలి అంత శుభ్రమన్న లెక్కన గట్టి కుచ్చుదే కావాలన్నాను. ఆ రోజు నేను చేసిన తప్పులన్నిటిలోకీ ఇది చిన్నదని తర్వాత తెలిసింది.

ఎందుకంటే దుబాయ్ సాడూ పైసలు వద్దన్నాడు. ఆయన చూపు నా చేతి గడియారం మీద ఉంది. అది మా మామ పెళ్ళిలో పెట్టిన గడియారం. బంట్వారంలో ఒక ఎద్దును అమ్మి కొన్నాడని మా ఆవిడ మొదటి వారంలోనే గర్వంగా చెప్పింది. ఒక్క క్షణం నా కుడిచెయ్యి ఎడమచేతి మీద కప్పుకుంది. అంతలో నాలుక కింది పన్నును తోసింది. అది కదిలింది (అనిపించింది). గడియారం విప్పి ఇచ్చేశాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ నా ఖాళీ మణికట్టు చూసింది. "రిపేరుకు ఇచ్చిన" అన్నాను, రుమాల్లోంచి. మామ ఇచ్చిన కొత్త గడియారం మూడు నెలలకే రిపేరుకు పోవటమేమిటని ఆమె అనలేదు. పొయ్యి ముందు కూర్చుని రొట్టెల పిండి పిసకసాగింది.

ఇక ఆ బ్రష్షు వాడకం చెప్పాలి. మేముండే అద్దె ఇంట్లో రెండు గదులు, రెండు బల్బులు. ప్లగ్గు పెట్టే చోటే లేదు. ఉస్తాద్ ఒక చిన్న సరంజామా తయారుచేసి ఇచ్చాడు. బల్బు తీసేసి, ఆ హోల్డర్‌లో ఈ సరంజామాను తిప్పి బిగిస్తే, దాని కింద బ్రష్షు వైరు పెట్టుకోవచ్చు. వైరు గజమే కాబట్టి నేను లోపలి గదిలో స్టూలు ఎక్కి నిలబడాలి. బల్బు తీసేశాను కాబట్టి చీకట్లో నిలబడాలి. మా ఆవిడ పొద్దున్నే వీధి చివరి నల్లాకు నీళ్ళకు పోయేది, వరుసలో అరగంట పట్టేది. ఆ అరగంటే నా వైద్యం. స్టూలు మీద చీకట్లో, నోరు తెరుచుకుని, సూర్యుడికి బదులు కప్పుకు మొహం పెట్టి నిలబడేవాణ్ణి. నురగ మెడ మీదుగా చొక్కాలోకి కారేది.

పైగా ఆ బ్రష్షు ఒక వేగంతో తిరిగేది కాదు. చుట్టుపక్కల పాలిష్ కార్ఖానాలు నడుస్తుంటే మా వీధిలో కరెంటు నీరసించేది, బల్బు నారింజ పండులా వెలిగేది. అప్పుడు బ్రష్షు ముసలి ఎద్దులా నా పళ్ళ మీద ఈడ్చుకుంటూ నడిచేది. అట్లా నడుస్తుందని నేను ఇంకాస్త ఒత్తేవాణ్ణి. నెత్తురు ఇంకాస్త వచ్చేది. మలినమంతా బయటికొస్తోందని సంతోషించేవాణ్ణి. వారం తిరిగేసరికి చిగుళ్ళు మిరపపండ్లలా వాచాయి. ఉస్తాద్‌కు చూపిస్తే, "మొదట్ల బండ గూడ గట్లనే గరుకైతది సాబ్, మెరుపు ఎన్కసిరి వస్తది" అన్నాడు.

అంతలో పీర్ల పండుగ వచ్చింది. కార్ఖానాలన్నీ బందు. ఆ పొద్దున నేను ఎప్పటిలాగే స్టూలెక్కి స్విచ్చి వేశాను. కార్ఖానాలు తాగే కరెంటంతా ఆ రోజు నా బ్రష్షులోకే వచ్చినట్టుంది. ముసలి ఎద్దు కాస్తా పొగరుబోతు కోడె అయింది. నోట్లో ఎటు పోతోందో తెలియదు. చిగురులో దిగి, బుగ్గలో గుచ్చుకుని, మళ్ళీ పళ్ళ మీద టకటకలాడుతోంది. నోట్లోంచి లాగుదామంటే వైరు మెడకు చుట్టుకుంది. నెత్తురూ నురగా కలిసి గడ్డం మీదుగా కారుతున్నాయి. ఒళ్ళంతా దడదడ వణుకుతోంది. కాలిన వాసన ఒకటి మొదలైంది.

ఆ పండుగ రోజు నల్లా కూడా రాలేదు. మా ఆవిడ ఖాళీ బిందెతో పది నిమిషాలకే తిరిగొచ్చి లోపలి తలుపు తోసింది.

ఆమెకు కనిపించిన దృశ్యాన్ని ఆమె వైపు నుంచి ఆలోచించాలి. నెల రోజులుగా మాట్లాడని మొగుడు. రొట్టె ముట్టని మొగుడు. తన నాయన పెట్టిన గడియారం ఎక్కడో పారేసిన మొగుడు. ఇప్పుడు చీకటి గదిలో స్టూలెక్కి, కప్పు నుంచి దిగిన వైరు మెడకు చుట్టుకుని, దాని కొస నోట్లో పెట్టుకుని, నెత్తురు కక్కుతూ కొట్టుకుంటున్నాడు.

ఆమె పెట్టిన కేకకు వీధి లేచింది. అయితే కేక పెట్టి కూలబడే మనిషి కాదు. కరెంటు పట్టుకున్నవాణ్ణి చేత్తో ముట్టొద్దు, ఎండు కట్టెతో కొట్టాలని వాళ్ళ ఊళ్ళో మోటారు దగ్గర నేర్చుకుంది. గోడకున్న చల్ల కవ్వం అందుకుని, వైరు మీద అనుకుని, బలంకొద్దీ ఒక్కటి వేసింది. బ్రష్షు ఎగిరి గోడకు తగిలి పొగలు కక్కి చచ్చింది. నేను స్టూలు మీంచి వచ్చి నేల మీద పడ్డాను. నాతో పాటు నా ముందరి పన్ను కూడా వచ్చి పక్కనే పడింది. అన్నిటికంటే గట్టి పన్ను అది. ఒక్కనాడు కూడా కదలనిది.

ఇంటి యజమానురాలు పరుగెత్తుకొచ్చింది. కన్నడం మాట్లాడే ముసలమ్మ. "అయ్యో శివనే, ఏనాయితు?" అని ఏమైందో అడుగుతూ గుమ్మంలో నిలబడిపోయింది. ఆమె వెనక సగం వీధి.

మా ఆవిడ కవ్వం పట్టుకునే ఏడుస్తోంది. "నేను నచ్చకపోతే మా నాయినింటికి తోలిస్తే పాయె. గిట్ల సచ్చుడెందుకయ్యా? నేనేం జేసిన నిన్ను?"

వీధి వీధంతా నా వైపు చూసింది. నాకేమో నోట్లో నెత్తురు, పోయిన పన్ను సందులోంచి గాలి. "సస్తలేనే... పండ్లు తోముకుంటున్న" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నా మాటను ఎవరూ నమ్మలేదు. ముసలమ్మ బయటివాళ్ళనందరినీ పంపేసి, వెళ్తూ వెళ్తూ ఇంట్లో ఉన్న తాళ్ళన్నీ తన వైపు పట్టుకుపోయింది. మేమిద్దరమే మిగిలాక, మా ఆవిడ నా నోరు కడుగుతుంటే, మొదటిసారి రుమాలు లేకుండా మొత్తం చెప్పాను. జామకాయ, నాయన మాట, వాసన భయం, గడియారం. ఆమె వింటూ వింటూ కడగటం ఆపేసింది.

"ఇగుర్లల్ల నెత్తురొస్తుందని నాతోని మాట్లాడవా?" అంది.

"ఊఁ."

"నేను రొట్టెలు సరిగ్గ కాలుస్తలేనని నెలదినాల సంది ఏడుస్తున్న గదయ్యా!"

ఆ తర్వాత నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. మర్నాడు ఆమే నన్ను రైలెక్కించి వికారాబాద్ తీసుకుపోయింది. స్టేషన్ రోడ్డులో ఒక ముసలి పళ్ళ డాక్టరు ఉండేవాడు. నోరు తెరిపించి, చిన్న అద్దం పెట్టి పన్ను పన్నూ చూశాడు. ఇక అన్నీ పీకాలంటాడని నేను కుర్చీ పట్టుకున్నాను.

"ఏం పని జేస్తవ్?"

"బండల పాలిష్ కార్ఖానాల మున్షీని సార్."

"అందుకే. నోట్ల గూడ అదే పని జేస్తున్నవ్" అన్నాడు. పళ్ళ మొదళ్ళలో గార పేరుకుందని, నెత్తురు దానివల్లేనని, నేను గట్టిగా తోమిన కొద్దీ గార అక్కడే ఉండి చిగురు చిరిగిందని చెప్పాడు. ఖాన్దాన్ సంగతి అడిగితే, "ఉంటే ఉండొచ్చు. మీ నాయన గార తీయించుకున్నడా ఎన్నడన్న?" అన్నాడు. మా నాయన ఇటుకపొడితో తోమేవాడు.

ఒక గంటసేపు గీకి గార తీశాడు. కుర్చీకి ఉన్న సన్నటి గొట్టంలోంచి నీళ్ళు చిమ్మి పళ్ళ సందులు కడుగుతుంటే, గిలిగింతా బాధా కలిసి కళ్ళలో నీళ్ళొచ్చాయి. తర్వాత మెత్తటి చేతి బ్రష్షు ఒకటి తీసి నా చేతిలో పెట్టి, దాన్ని చిగురు అంచున వాలుగా ఆనించి, పసిపిల్ల తల దువ్వినట్టు, ఒత్తకుండా, కొంచెం కొంచెంగా కదిలించటం నేర్పాడు. రెండు పూటలా. పళ్ళ సందుల్లో దారం. ఉప్పునీళ్ళు పుక్కిలించటం. అంతే. మరి కరెంటు బ్రష్షు చెడ్డదా అని అడిగాను, నా గడియారం గుర్తుకొచ్చి.

"చెడ్డదని ఎవరన్నరు? మంచి మిషనే కావచ్చు. కుచ్చు మెత్తగుండాలె, చెయ్యి ఒత్తొద్దు. నువ్వు చేతి బ్రష్షు గూడ గట్లనే ఒత్తితే గదే గతి."

మా ఆవిడ అప్పటిదాకా మూలన నిలబడి ఉంది. కొంగులోంచి కాగితం పొట్లం తీసి విప్పింది. అందులో నా పన్ను. "సార్, గిది మల్ల అతుకుతదా?" అని అడిగింది.

డాక్టరు ఆ పన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "మంచి పన్ను. ఎట్ల పోయింది?" అన్నాడు. ఆమె నేల చూపులు చూసింది. నేను కప్పు వైపు చూశాను.

మూడు వారాల్లో నెత్తురు ఆగింది. ఈ లోపల ఉస్తాద్ ఒకసారి ఇంటికొచ్చాడు, పాపం పశ్చాత్తాపంతో. రాళ్ళు కోసే మిషన్‌కు నీళ్ళు చిమ్మే గొట్టానికి సన్నటి మూతి బిగించి తెచ్చాడు. "కరెంట్ లేదు సాబ్, ఉత్త నీళ్ళే. డాక్టర్‌ది గూడ గిట్లనే ఉంటది గదా" అంటుండగానే మా ఆవిడ లోపలి నుంచి వచ్చి నిలబడింది. చేతిలో ఏమీ లేదు. అయినా ఉస్తాద్ గొట్టం చుట్టుకుని వెళ్ళిపోయాడు. దుబాయ్ సాడూ అప్పటికే గడియారంతో సహా విమానమెక్కాడు. మా మామ బతికున్నన్నాళ్ళూ, బంట్వారం పోయినప్పుడల్లా, "అల్లుడా, టైమెంతైంది?" అని అడిగేవాడు. నేను వాకిట్లోకి పోయి ఎండ చూసి చెప్పేవాణ్ణి.

ఇప్పుడు వికారాబాద్‌లో ఉంటున్నాం. మా పెద్దబిడ్డ నాకొక మంచి బ్రష్షు కొనిచ్చింది. ఎక్కువ ఒత్తితే దానంతటదే ఆగి ఎర్రగా వెలుగుతుంది. పళ్ళ సందుల్లోకి నీళ్ళు చిమ్మే చిన్న యంత్రం కూడా ఉంది. నలభైకి పోవలసిన నా పళ్ళు ఒక్కటి తప్ప అన్నీ ఉన్నాయి. ఊడిపోయినవి మా ఆవిడవి. ఆర్నెల్ల కింద కట్టుడుపళ్ళ కోసం తీసుకెళ్తే, మా బిడ్డ వయసుండే డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంటూ, చిగుళ్ళలో రక్తం మొదటిసారి ఎప్పుడు వచ్చిందని అడిగింది. ఏదో నాలుగైదేళ్ళ కిందటి మాట చెబుతుందనుకున్నాను.

"మా పెద్దబిడ్డ కడుపుల పడ్డప్పుడు" అంది మా ఆవిడ.

లెక్కవేసుకున్నాను. మేం ఆ ముసలి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన మరుసటి ఏడు. నేను ఆయన చెప్పినట్టు రెండు పూటలా అద్దం ముందు నిలబడి, నా ఒక్కో చిగురునూ వేలితో తాకి చూసుకుని మురిసిపోతున్న రోజులు. అదే అద్దం, అదే ఇల్లు. ఆమెను ఒక్కసారి నోరు తెరవమని అడిగిన గుర్తు నాకు లేదు.

ఆటోలో వస్తూ అడిగాను. "మరి గప్పుడే చెప్పకపోతివి?"

"నీ పండ్ల ఫికర్ ఒడిసినంక చెప్దామనుకున్న" అంది. (ఒడవటమంటే మా వైపు తీరిపోవటం.) పళ్ళు లేని నోట్లో మాట కొంచెం జారింది. "ఒడవకనే పాయె."

అని, తన మాటకు తనే నవ్వింది, ఆటో అతను వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా. నేను కూడా నవ్వాననుకుంటాను. స్టూలెక్కి చీకట్లో నోరు తెరుచుకు నిలబడ్డ ఆ కుర్రాడి మీద ఇన్నేళ్ళూ నాకు జాలే ఉండేది. ఆ రోజు ఆటోలో, వాణ్ణి చెవి పట్టుకుని కిందికి దించి, వెనక్కి తిరిగి ఒకసారి ఆ పిల్ల మొహం చూడరా అని చెప్పాలనిపించింది.